దిల్ నుంచి దిమాగ్ దాకా: ఒక నెత్తురు ముక్క తారీఖ్

2001 రంజాన్. పదో రోజా. సెహ్రీకి రొట్టెలు చేస్తున్న మా ఆపా చేతిలోంచి పిండి ముద్ద జారి కింద పడింది. "క్యా హువా గే?" అని అమ్మీ అడిగింది. ఆపా నోరు తెరిచింది గానీ మాట రాలేదు. కుడి చెయ్యి వేలాడిపోయింది. కూర్చున్న చోటే కుడిపక్కకు ఒరిగిపోయింది. అప్పుడామెకు 26 ఏళ్ళు. పక్కన చాప మీద ఏడాదిన్నర బిడ్డ నిద్రపోతోంది.

ఫజర్ అజాన్ అయ్యేసరికి గల్లీ అంతా మా ఇంట్లోనే ఉంది. "ఫాలిజ్ గిర్ గయా" అన్నారు ఆడవాళ్ళు. మా పక్కింటి తెలుగువాళ్ళు "చెయ్యీ కాలూ పడిపోయినయి" అన్నారు. ఫాలిజ్ అన్నా పక్షవాతం అన్నా మర్జ్ ఒకటే. ఇక సలహాలు మొదలయ్యాయి. సాయా పట్టిందని ఒకరు, నజర్ అని ఒకరు. జంగ్లీ కబూతర్‌ను కోసి ఆ వెచ్చటి నెత్తురు ఒంటికి రుద్దాలని ఇంకొకరు. ఎవరో తావీజు తెచ్చి కట్టారు. మా అబ్బా మహల్లాలోని ముసలి హకీం సాబ్‌ను పిలుచుకొచ్చాడు. ఆయన ఆపా మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. "నబ్జ్ ఒక లెక్కలో లేదు బాబూ. ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా, మధ్యలో ఒకటి మాయం. ఇది దిమాగ్ ఒక్కదాని మర్జ్ కాదు. దిల్ చూపించండి" అన్నాడు.

ఆ మాట నేను పట్టించుకోలేదు. అప్పుడు తెలుగు డిగ్రీ చదువుతున్నా. కొత్తగా చదువుకున్నవాడి గురూర్ నాది. తలకు వచ్చిన జబ్బుకు గుండె ఎందుకు అని హకీం సాబ్‌ను గుమ్మం దాకా సాగనంపి, ఆపాను పట్నంలో ఒక నర్సింగ్ హోంలో చేర్పించాం. పదకొండు రోజులు అక్కడే. తలకు స్కానింగ్ తీశారు, తలకు సంబంధించిన మందులే ఇచ్చారు. ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టినట్టు నాకు గుర్తు లేదు. నేను అడగనూ లేదు.

పన్నెండో రోజు హైదరాబాదుకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు ఆపా ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి విన్నాడు. తర్వాత ఆమెను ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి, రొమ్ము కింద పెట్టి మళ్ళీ విన్నాడు. అమ్మీ వైపు తిరిగి అడిగాడు: "చిన్నప్పుడు ఈమెకు జ్వరమొచ్చి కీళ్ళు వాచాయా? ఒక మోకాలు తగ్గితే ఇంకో మోకాలు, అది తగ్గితే మోచెయ్యి, అట్లా?"

అమ్మీ ఉలిక్కిపడింది. తొమ్మిదేళ్ళప్పుడు అచ్చం అట్లాగే అయింది. గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు ఒళ్ళు కాలింది, కీళ్ళు ఒక్కొక్కటే వాచాయి. పెరిగే పిల్ల గదా, ఎముకలు సాగుతున్నాయిలే అనుకున్నారు. నెల తిరిగేసరికి ఆపా మళ్ళీ తొక్కుడుబిళ్ళ ఆడింది. అందరూ మర్చిపోయారు.

ఆపా గుండె మర్చిపోలేదు. ఆ జ్వరం గుండె లోపలి కవాటాన్ని మంటపెట్టి పోయింది. ఆ మంట మచ్చగా మారి, పదిహేడేళ్ళు మెల్లమెల్లగా కవాటం దారిని మూసుకుంటూ వచ్చింది. దాని వెనక నిలిచిన నెత్తురులో గడ్డ కట్టింది. ఆ గడ్డలోంచి ఒక ముక్క రంజాన్ పదో రోజు సెహ్రీ వేళ బయల్దేరి దిమాగ్‌కు పోయింది.

ఒక డాక్టరు తల జబ్బుతో వచ్చిన మనిషి మోకాళ్ళ గురించి ఎందుకడిగాడు? ఈ సవాల్‌ను మొట్టమొదట ఎవరడిగారు? ఇరవై ఏళ్ళుగా, అఖ్‌బార్ పని మధ్య వీలు దొరికినప్పుడల్లా ఈ రెండు ప్రశ్నల వెంటే తిరిగాను. దొరికింది ఇక్కడ రాస్తున్నా.

*

ముందుగా మా హకీం సాబ్ సిల్‌సిలా నుంచే మొదలుపెట్టాలి. ఉర్దూ మీడియంలో చదివిన ఫాయిదా ఏమిటంటే, ఇబ్న్ సీనా 'అల్ ఖానూన్'ను ఉర్దూ తర్జుమాలో నిదానంగానైనా చదువుకోగలను. ఇబ్న్ సీనా 980లో బుఖారా దగ్గర పుట్టాడు, 1037లో హమదాన్‌లో కన్నుమూశాడు. ఆయన ఖానూన్ మూడో కితాబు తల నుంచి పాదాల దాకా ఒక్కో అవయవం జబ్బులనూ వరసగా చెబుతుంది. సక్తా, ఫాలిజ్, లక్వా తల జబ్బుల్లో ఉంటాయి. మనిషి ఉన్నట్టుండి స్పృహ తప్పి కదలికా తెలివీ పోతే సక్తా. ఒక పక్క పడిపోతే ఫాలిజ్. ముఖం వంకర పోతే లక్వా. గుండె జబ్బులు ఎంతో తర్వాత, వేరే భాగంలో వస్తాయి.

సక్తా ఎందుకొస్తుందంటే, సుద్దా వల్ల అంటాడు ఇబ్న్ సీనా. సుద్దా అంటే అడ్డం. దిమాగ్ దారుల్లో ఏదో అడ్డుపడి, తెలివినీ కదలికనూ మోసుకుపోయే రూహ్ ముందుకు పోలేక ఆగిపోతుంది. ఆ అడ్డుపడేది చాలాసార్లు చిక్కటి చల్లటి బల్‌గమ్, అంటే కఫం. ఇది చదివినప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. వెయ్యేళ్ళ కింద ఒక మనిషి దీన్ని "అడ్డం" అన్నాడు! ఈ రోజు స్కానింగ్ గదిలో డాక్టరు చెప్పేదీ అదే. అడ్డుపడింది బల్‌గమ్ కాదు, నెత్తురు గడ్డ. అంతే తేడా.

ఇంకో సంగతి కూడా ఉంది. యునానీ తిబ్‌లో దిల్, దిమాగ్, జిగర్‌లను ఆజా ఎ రయీసా అంటారు. ఒంటికి సర్దార్లు. దిల్‌లో పుట్టే రూహ్ రగాల గుండా దిమాగ్‌కు పోయి అక్కడ తెలివికీ కదలికకూ పనికొచ్చే రూహ్‌గా మారుతుందన్నది ఆ సిద్ధాంతం. అంటే దిల్ నుంచి దిమాగ్‌కు దారి ఉందని వాళ్ళకు తెలుసు. ఆ దారి అడ్డుపడితే మనిషి పడిపోతాడనీ తెలుసు. కానీ ఆ అడ్డం దిల్ లోంచే, ఆ దారినే పోయి ఉండవచ్చన్న ఖయాల్ మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదు? దిల్‌కు వరమ్ వస్తే, అంటే వాపూ మంటా వస్తే, మనిషి ఎక్కువసేపు బతకడన్న నమ్మకం జాలీనూస్ కాలం నుంచీ గట్టిగా ఉంది. సర్దార్‌కే జఖం అయితే సల్తనత్ నిలవదన్నట్టు. గుండె మంటతో మనిషి ఏళ్ళ తరబడి తిరుగుతాడని, రొట్టెలు చేస్తాడని, పిల్లల్ని కంటాడని అనుకోకపోతే ఆపా కిస్సా అర్థం కాదు. ఈ నమ్మకాన్ని కొంచెం కదిపినవాడు అందలూస్‌లో ఇష్బీలియాకు చెందిన ఇబ్న్ జుహ్ర్. 1162లో చనిపోయాడు. తన 'అల్ తైసీర్'లో గుండె మీది పొరకు వచ్చే వాపునూ, అక్కడ చేరే నీటినీ వర్ణించాడు. గుండె మంట కంటికి కనబడే ఒక జబ్బు అయింది.

రెండో అడ్డంకి దారి గురించిన లెక్క. జాలీనూస్ లెక్కలో నెత్తురు గుండె కుడి గదిలోంచి ఎడమ గదిలోకి మధ్యగోడలోని కంటికి కనబడని రంధ్రాల గుండా కారుతుంది. నెత్తురు చుట్టూ తిరగదు, ఒక చోట పుట్టి ఇంకో చోట ఖర్చయిపోతుంది. దిమిష్క్‌లో చదివి కాహిరాలో వైద్యం చేసిన ఇబ్న్ నఫీస్ 1242లో ఖానూన్ శరీరశాస్త్ర భాగానికి షరహ్ రాస్తూ, ఆ గోడ గట్టిది, దానికి రంధ్రాల్లేవు అన్నాడు. నెత్తురు కుడి గది నుంచి ఊపిరితిత్తులకు పోయి, గాలితో కలిసి, అక్కడి నుంచి ఎడమ గదికి వస్తుందని రాశాడు. ఆ కితాబు ఎన్నో శతాబ్దాలు మరుగున పడింది. 1924లో బెర్లిన్ లైబ్రరీలో ఆ రాతప్రతిని గుర్తించింది ముహియుద్దీన్ తతావీ అనే మిస్ర్ డాక్టరు. ఈలోగా 1628లో ఇంగ్లండులో విలియం హార్వే నెత్తురు ఒంటినిండా తిరుగుతుందని లెక్కలతో చూపించాడు. గుండె ఎడమ గది నుంచి బయల్దేరింది ఏదైనా ఒంట్లో ఏ మూలకైనా చేరగలదని అప్పుడు తేలింది. ఫాలిజ్ కిస్సాకు మైదానం తయారైంది.

*

1658లో స్విస్ దేశపు డాక్టరు యోహాన్ వెప్ఫర్, సక్తాతో పోయినవాళ్ళ తలలు కోసి చూసి, కొందరి దిమాగ్‌లో రగ్ పగిలి నెత్తురు చిమ్మిందని రాశాడు. బల్‌గమ్ కథ అక్కడ బలహీనపడింది. రగ్ పగలడం సరే, రగ్ మూసుకుపోతే? అది ఇంకా రెండు వందల ఏళ్ళు తీసుకుంది.

ఇక్కడ పారిస్‌లోని ఒక డాక్టరు గురించి చెప్పాలి. జాఁ బతీస్త్ బూయ్యో. 1825లో ఆయన, మాట పడిపోయిన రోగుల దిమాగ్‌లను పరిశీలించి, మాట్లాడే శక్తి దిమాగ్ ముందు భాగంలో ఉంటుందని వాదించాడు. తర్వాత పదేళ్ళకు గుండె జబ్బుల మీద పెద్ద గ్రంథం రాస్తూ, గుండె లోపలి పొరకు వచ్చే మంటకు ఎండోకార్డైటిస్ అని పేరు స్థిరపరిచాడు. కీళ్ళు వాచే జ్వరం వచ్చినవాళ్ళలో చాలామందికి గుండె కూడా దెబ్బతింటుందని గట్టిగా చెప్పినవాడూ ఆయనే. కీళ్ళ నుంచి గుండెకు వంతెన వేశాడు. మాట పడిపోవడం దిమాగ్‌లో ఎక్కడి దెబ్బో చూపించాడు. మా ఆపా జబ్బుకు మొదలూ చివరా రెండూ ఒకే మనిషి బల్ల మీద ఉన్నాయన్నమాట. ఆయన వైద్యం మాత్రం రోగి ఒంట్లోంచి మళ్ళీ మళ్ళీ నెత్తురు తీయించడం. కీళ్ళ జ్వరంతో వచ్చినవాళ్ళు పాలిపోయి ఇంటికి పోయేవాళ్ళు.

మధ్య ముక్కను బెర్లిన్‌లో రుడోల్ఫ్ వీర్‌ఖో పట్టుకున్నాడు. 1840లలో షారిటే హాస్పిటల్లో శవాలు కోసే పని ఆయనది. ఊపిరితిత్తుల రగాల్లో ఇరుక్కున్న గడ్డలు అక్కడే పుట్టినవి కావు, కాళ్ళ రగాల్లో పుట్టి కొట్టుకొచ్చినవి అని ఆయన చూపించాడు. నెత్తురు రగ్‌లోనే గడ్డకట్టడాన్ని థ్రాంబోసిస్ అనీ, ఆ గడ్డ తెగి కొట్టుకుపోయి ఇంకోచోట ఇరుక్కోవడాన్ని ఎంబోలిజం అనీ పేరు పెట్టాడు. వాగులో కొట్టుకొచ్చిన దుంగ తూము దగ్గర అడ్డుపడినట్టు. దుంగ తూము దగ్గర మొలవలేదు, ఎగువ నుంచి వచ్చింది.

ఇక లండన్ మాట. విలియం సెన్‌హౌస్ కిర్క్స్ అనే డాక్టరు సెయింట్ బార్తలోమ్యూస్ హాస్పిటల్లో పనిచేసేవాడు. 1852లో అక్కడి వైద్యుల సభలో ఒక వ్యాసం చదివాడు. అప్పటికాయనకు ముప్పై ఏళ్ళు. వ్యాసం పేరు చాలా పొడుగు. సారాంశం ఇది: గుండె లోపల పేరుకున్న పదార్థం ఊడి, నెత్తురులో కలిసి ప్రయాణిస్తే ఏమవుతుంది?

అందులో ఆయన చెప్పిన కేసుల్లో ఒకామె వయసు ముప్పై దాటింది. హాస్పిటల్లో ఉండగానే ఉన్నట్టుండి వెనక్కి ఒరిగిపోయింది. మాట పోయింది, ఒక పక్క పడిపోయింది. కొన్ని రోజులకు చనిపోయింది. కిర్క్స్ దిమాగ్ తెరిచి చూశాడు. దిమాగ్ మధ్య భాగానికి నెత్తురు తీసుకుపోయే పెద్ద రగ్‌లో తెల్లటి గట్టి ముక్క ఇరుక్కుని ఉంది. దాని అవతలి దిమాగ్ మెత్తబడిపోయింది. రగ్ గోడ మాత్రం శుభ్రంగా ఉంది, ముసలివాళ్ళ రగాల్లో ఉండే పాచి లేదు. మరి ఆ ముక్క ఎక్కడిది? కిర్క్స్ గుండె తెరిచాడు. ఎడమ కవాటం అంచుల మీద అచ్చం అలాంటి పదార్థమే మొలకల్లా అంటుకుని ఉంది.

నాకు కిర్క్స్‌లో నచ్చింది ఆ సవాలే. దిమాగ్‌లో అడ్డం దొరికింది గదా, మౌత్‌కు కారణం తెలిసింది గదా అని కత్తి కింద పెట్టేయవచ్చు. ఈమె ఇంకా జవాన్, రగ్ శుభ్రంగా ఉంది, మరి ఇది ఎట్లా వచ్చింది అని ఆయన ఆగాడు. ఫాలిజ్ ముసలితనపు జబ్బు అన్న లెక్కకు పొసగని రోగుల్నే పట్టుకున్నాడు. చిన్నవయసులో ఫాలిజ్ వచ్చి, గుండెలో మర్‌మర్ చప్పుడు వినబడి, ఒకప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి ఉంటే, ఆ మూడూ ఒకే కిస్సా అని చెప్పాడు. పెద్ద ముక్కలు ఊడితే పెద్ద రగాలు మూసుకుపోతాయి, చిన్న ముక్కలు ఊడితే తిల్లీ, గుర్దా లాంటి అవయవాల్లో చిన్న చిన్న రగాలు మూసుకుపోతాయి అన్నాడు. గుండె లోంచి ఊడిన పదార్థం నెత్తురునే చెడగొట్టి, విషజ్వరం లాంటి హాలత్ తేగలదని కూడా అన్నాడు. క్రిముల సంగతి ఎవరికీ తెలియని రోజుల్లో రాసిన మాట ఇది. కిర్క్స్ 1864లో, నలభై దాటిన కొద్ది కాలానికే చనిపోయాడు.

హైదరాబాదులో మెడికల్ స్కూల్ మొదలైంది 1846లో. వీర్‌ఖో బెర్లిన్‌లో కొట్టుకొచ్చిన గడ్డల్ని వెతుకుతున్న రోజులే. ఆ స్కూల్లో మొదట్లో పాఠాలు ఉర్దూలో చెప్పేవాళ్ళు. తర్వాత ఇంగ్లీషుకు మారినా, ఉస్మానియా యూనివర్సిటీ వచ్చాక మళ్ళీ వైద్యవిద్య ఉర్దూలో సాగిన కాలం ఉంది. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా అందుకోసం కితాబులు తర్జుమా చేసింది. ఇబ్న్ సీనా సుద్దానూ వీర్‌ఖో గడ్డనూ ఒకే జబాన్‌లో చదవగల తాలిబ్ ఎ ఇల్మ్‌లు ఒకప్పుడు ఈ షహర్‌లో ఉన్నారు. మా హకీం సాబ్‌ను గుమ్మం దాకా సాగనంపిన రోజు ఆ సంగతి నాకు తెలియదు.

*

కిర్క్స్ దారి చూపించాడు గానీ ఆ దారిన పోతున్న రోగిని ఆపే మందు ఇంకో తొంభై ఏళ్ళ దాకా లేదు.

నార్వేలో ఎమాన్యుయేల్ వింగే 1869లో చనిపోయిన ఒక రోగి కవాటం మీది మొలకల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో సూక్ష్మజీవులున్నాయని చెప్పాడు. 1885లో విలియం ఆస్లర్ లండన్‌లో మూడు ప్రసంగాలు చేశాడు. గుండె లోపలి పొరను తినేసే ఈ ప్రాణాంతక మంట ఎన్ని వేషాల్లో వస్తుందో వివరించాడు. ఒకరికి మలేరియాలా, ఒకరికి టైఫాయిడ్‌లా, ఒకరికి నేరుగా ఫాలిజ్‌లా. పాత మచ్చలున్న కవాటాల మీదే క్రిములు ఎక్కువగా గూడు కడతాయనీ చెప్పాడు. క్రిములున్న ముక్క దిమాగ్ రగ్‌లో చిక్కుకుంటే ఆ రగ్ గోడ పాడై బుడగలా ఉబ్బుతుంది. ఆ బుడగ పగిలితే దిమాగ్‌లో నెత్తురు చిమ్ముతుంది. వెప్ఫర్ చూసిన పగిలిన రగ్, కిర్క్స్ చూసిన మూసుకున్న రగ్, రెండూ ఒకే గుండె నుంచి రావచ్చునన్నమాట. అందుకే ఈ రోజుకూ, క్రిముల వల్ల గుండె మంట ఉన్న రోగికి ఫాలిజ్ వస్తే, గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి డాక్టర్లు జంకుతారు. ఒకరికి దవా అయింది ఇంకొకరికి జహర్ అవుతుంది. గుండె చూడకుండా తలకు వైద్యం చేస్తే వచ్చే ఖతరా ఇదే.

ఎండోకార్డైటిస్ అని తేలితే ఆ రోజుల్లో దాదాపు మౌత్ ఖరారైనట్టే. 1911లో సంగీతకారుడు గుస్తావ్ మాలర్ నెత్తురులో న్యూయార్క్ డాక్టర్లు క్రిముల్ని పెంచి చూపించారు. జబ్బు పేరు తెలిసింది, మందు లేదు. మూడు నెలల్లో వియన్నాలో పోయాడు. 1944లో బ్రూక్లిన్‌లో లియో లోవీ బృందం, పెద్ద మోతాదుల్లో పెనిసిలిన్ ఇచ్చి ఏడుగురు రోగుల్లో ఈ జబ్బును లొంగదీసినట్టు ప్రకటించింది. ఇప్పుడు కూడా ఈ జబ్బు వచ్చిన ప్రతి వందమందిలో 20 నుంచి 40 మందికి దిమాగ్‌లో ఏదో ఒక దెబ్బ తగులుతుంది. అయితే సరైన యాంటీబయాటిక్ మొదలైన వారం రెండు వారాల్లో ఆ భయం చాలా తగ్గిపోతుంది. అంటే ఇక్కడ రోజులే ప్రాణాలు. మా పదకొండు రోజులు గుర్తొచ్చినప్పుడల్లా నాకు నిద్ర పట్టదు. ఆపాది క్రిముల మంట కాదు, పాత మచ్చ. అదృష్టం. క్రిములదైతే ఈ వ్యాసం వేరేలా ఉండేది.

ఆపా కిస్సాకు మొదలు గొంతులో ఉంది. 1931లో అమెరికా డాక్టరు ఆల్విన్ కోబర్న్, కీళ్ళ జ్వరానికి ముందు గొంతులో ఒక రకం స్ట్రెప్టోకాకస్ క్రిమి చేరుతుందని చూపించాడు. ఆ క్రిమి గుండె దాకా పోదు. దానితో పోరాడటానికి మన ఒళ్ళు తయారుచేసుకున్న ఫౌజ్, దుష్మన్‌కూ సొంత కవాటానికీ తేడా తెలియక గుండె మీద పడుతుంది. 1950లో వ్యోమింగ్‌లోని ఒక సైనిక శిబిరం నుంచి ఖబర్ వచ్చింది: గొంతునొప్పికి సమయానికి పెనిసిలిన్ ఇస్తే కీళ్ళ జ్వరమే రాదు. అప్పటికే వచ్చినవాళ్ళకు మూడు నాలుగు వారాలకొకసారి పెనిసిలిన్ సూది వేస్తూ పోతే మళ్ళీ మళ్ళీ రాకుండా గుండె నిలుస్తుంది. ఖరీదైన వైద్యం కాదు. చాలా పాత, చాలా చవక మందు.

అయినా 2015 లెక్కల ప్రకారం ప్రపంచంలో 3 కోట్ల 30 లక్షల మందికి పైగా ఈ కీళ్ళజ్వరపు గుండె జబ్బు ఉంది. ఎక్కువమంది మనలాంటి దేశాల్లోనే. యూరప్‌లో పెనిసిలిన్ రాకముందే ఈ జబ్బు తగ్గడం మొదలైంది. ఇళ్ళు పెద్దవయ్యాయి, ఒకే గదిలో పదిమంది పడుకోవడం తగ్గింది. మేం ఏడుగురం ఒకే గదిలో పడుకునేవాళ్ళం. ఒకరికి గొంతునొప్పి వస్తే వారంలో అందరం దగ్గేవాళ్ళం. ఈ జబ్బుకు గుర్బత్ అనే పేరు కూడా పెట్టవచ్చు.

కవాటం దారి ఇరుకైతే దాని వెనకున్న ఎడమ పై గది ఉబ్బుతుంది. కొన్నాళ్ళకు ఆ గది లయ తప్పి వణకడం మొదలుపెడుతుంది. దాన్నే మా హకీం సాబ్ మూడు వేళ్ళతో పట్టుకున్నాడు. వణికే గదిలో నెత్తురు నిలుస్తుంది, నిలిచిన నెత్తురు గడ్డకడుతుంది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధకులు 1978లో ఒక లెక్క చెప్పారు. లయ తప్పిన గుండె ఉన్నవాళ్ళకు ఫాలిజ్ ముప్పు అయిదు రెట్లకు పైగా ఎక్కువ. లయ తప్పడంతో పాటు కీళ్ళజ్వరపు కవాటం జబ్బు కూడా ఉంటే పదిహేడు రెట్లు.

ఆపా కడుపుతో ఉన్నప్పుడు మెట్లెక్కితే ఆయాసపడేది. రాత్రి దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో నెత్తురు పెరుగుతుంది, ఇరుకు కవాటం దాన్ని మోయలేదు. "కమ్‌జోరీ హై, దూద్ పీ" అన్నాం అందరం. ఇంట్లో ఒక మగవాడికి అదే ఆయాసం వచ్చి ఉంటే అంతే తేలిగ్గా అనేవాళ్ళమా? ఈ సవాల్‌కు నా దగ్గర జవాబు ఉంది, రాయడానికి సిగ్గుగా ఉంది.

*

హైదరాబాదు డాక్టరు ముందు నెత్తురు పల్చబడే మాత్రలిచ్చి, గుండెలో మిగిలిన గడ్డ కరిగేదాకా నెలల తరబడి ఆగాడు. తర్వాత తొడ రగ్ లోంచి బెలూన్ పంపి కవాటం దారి వెడల్పు చేశారు. ఛాతీ కోయకుండా ఇలా చేసే పద్ధతిని జపాన్ డాక్టరు కాంజీ ఇనూయే 1980లలో తెచ్చాడు. నెత్తురు పల్చబడే మాత్ర మాత్రం జిందగీ అంతా వేసుకోవాలి. నెలనెలా ఐఎన్ఆర్ పరీక్ష. పాలకూర ఒక రోజు గిన్నెడు, ఇంకో రోజు అసలు లేకుండా తినకూడదు, మందు లెక్క తప్పుతుంది. పరీక్షల గొడవ లేని కొత్త మాత్రలు వచ్చాయని విని సంబరపడ్డాం. కానీ కీళ్ళజ్వరపు కవాటం జబ్బుతో గుండె లయ తప్పినవాళ్ళ మీద, మన దేశం కూడా పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. అందులో పాత మందే మెరుగని తేలింది. ఆపా పాత మాత్రతోనే ఉంది.

మాట గురించి కూడా చెప్పాలి. హాస్పిటల్లో ఆపా నీళ్ళు కావాలంటే "పానీ" అనలేకపోయేది. నన్ను చూసి నా పేరు అనబోయి, రాక, కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఒకరోజు అమ్మీ ఆమె నోటికి చెంచాతో గంజి పెడుతుంటే ఆపా నోట్లోంచి గబుక్కున "బిస్మిల్లా" వచ్చింది. అమ్మీ చెంచా వదిలేసింది. తర్వాత అల్‌హందు సూరా మొదలుపెడితే చివరిదాకా ఆగకుండా చదివింది. అది అయిపోయాక మళ్ళీ "పానీ" రాలేదు. గల్లీలో దాన్ని కరామత్ అన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలోనే లండన్ డాక్టరు హ్యూలింగ్స్ జాక్సన్ ఈ సంగతి గమనించాడు. కావాలని వెతికి పలికే మాట పోయినా, నాలుకకు అలవాటైన దువా, తిట్టు, లెక్కలు మిగులుతాయని. రెండూ నిజమే అనుకుంటాను నేను. డాక్టరు అక్కడి నుంచే మాట మొదలుపెట్టమన్నాడు. ఒకటి రెండు అంకెలు, వారాల పేర్లు, నెలల పేర్లు. "పానీ" అనడానికి ఏడు నెలలు పట్టింది. నా పేరు ఇప్పటికీ ఒక్కోసారి తడబడుతుంది. కుడి చేత్తో రొట్టె చేయడం మళ్ళీ రాలేదు, ఎడమ చేత్తో నేర్చుకుంది.

హకీం సాబ్ ఇంటికి మాఫీ అడగడానికి పోయేసరికి ఆలస్యమైంది. ఆయన ఇంతిఖాల్ అయి అప్పటికి నాలుగు నెలలు.

ఇదంతా చదివాక మీకు చెప్పవలసింది కొంచెమే ఉంది. జవాన్ మనిషికి చెయ్యీ కాలూ పడిపోతే తలతో పాటు గుండె కూడా చూడమని అడగండి. అదీ మొదటి రోజే. వారాల తరబడి వదలని జ్వరం ఉన్నవాళ్ళకు, గుండె కవాటం జబ్బు ఉన్నవాళ్ళకు ఫాలిజ్ వస్తే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. పిల్లలకు గొంతునొప్పి తగ్గాక జ్వరమొచ్చి కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాస్తే, పెరిగే ఎముకలు అనుకోకండి. సూది రాసిస్తే, పిల్ల బాగానే ఆడుతోంది గదా అని మధ్యలో మానేయకండి. కబూతర్లను బతకనివ్వండి.

ఆ రోజు చాప మీద నిద్రపోయిన బిడ్డకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. మొన్న వాళ్ళలో ఒకడు గొంతునొప్పి అన్నాడు. ఆపా వాణ్ణి వాకిట్లో వెలుతురులో కూర్చోబెట్టి, ఎడమ చేత్తో ఫోన్ టార్చ్ పట్టుకుని, "ఆ అను" అంది. లోపలికి చూసింది. మెడ కింద తడిమి చూసింది. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగి, ఒక్కో మాటా వెతుక్కుంటూ, "డాక్టర్... కే పాస్... ఆజ్ హీ" అంది.